అల్లుడుగారి దవడ పళ్ళు

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడను అందరూ కత్తెరమ్మ అంటారు. నిజానికి దారం తెంపడానికి ఆవిడ ఏనాడూ కత్తెర ముట్టలేదు. అది మెడలో వేలాడుతున్నా సరే, తల వంచి పళ్ళతో పుటుక్కున కొరికేది. పెళ్ళికి ముందునుంచీ అదే అలవాటు. కొరికీ కొరికీ ముందు పళ్ళు మొదట అరిగాయి, తర్వాత కదిలాయి, ఆఖరికి ఒకదాని వెంట ఒకటి సెలవు పుచ్చుకున్నాయి; వాటి వెనకే మిగతావీ పోయాయి.

అప్పటినుంచి మాట్లాడితే నోటికి చెయ్యి అడ్డం. నవ్వొస్తే గోడవైపు తిరిగి నవ్వేది. కొలతలు తీసేటప్పుడు రెండు చేతులూ టేపుకే కావాలి కాబట్టి నోరు బిగించుకుని ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎంత గంభీరమైన మనిషో అనుకునేవారు. కట్టుడు పళ్ళ కోసం గుండీల డబ్బా అడుగున డబ్బు దాచుకుంటోంది.

ముందుగదిలో సగం ఆవిడ మిషనుది, సగం ఆమె భర్త తాళాలది. ఆయన తాళాలు బాగుచేస్తాడు, పోయిన తాళంచెవులకు మారుచెవులు తయారుచేస్తాడు. ఆయన ఆకురాయి చప్పుడూ ఈవిడ మిషను చప్పుడూ పోటీపడుతుంటే మధ్యలో కూర్చునేది కుందేలు.

ఇల్లు మారుతున్న ఒకావిడ ఆ కుందేలును "రెండ్రోజులు ఉంచండి పిన్నిగారూ" అని వదిలి మళ్ళీ కనబడలేదు. అది పని చెయ్యదు, పెట్టిందల్లా తింటుంది, నచ్చకపోతే కాలు నేలకేసి కొట్టి మూతి తిప్పుకుంటుంది. కూతుళ్ళు లేని ఆ ఇంట్లో ఆయనే దానికి అల్లుడుగారు అని పేరు పెట్టాడు.

కత్తెరమ్మ అల్లుడుగారికి చేసిన మర్యాద అంతా ఇంతా కాదు. తనకు పళ్ళు పోయాక నమలడం ఎంత కష్టమో తెలిసొచ్చింది కదా, ఆ కష్టం నోరులేని జీవికి ఎందుకనుకుంది. క్యారెట్టు ఉడకబెట్టి మెదిపేది. బ్రెడ్డు అంచులు తీసేసి నీళ్ళలో నానబెట్టేది. ఆపిలు గీరి చెంచాతో పెట్టేది. అల్లుడుగారు కళ్ళు మూసుకుని మింగేవారు.

ఒకనాడు అల్లుడుగారు ఆ ముద్ద దగ్గరికి వచ్చి, వాసన చూసి, వెనక్కి వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. గడ్డం కింద బొచ్చంతా చొంగతో తడిసిపోయింది.

"ఏమండీ, పొద్దుట్నుంచీ ఏమీ ముట్టలేదు. పళ్ళు నొప్పేమో!"

ఆయన కళ్ళద్దాలు సవరించుకుని దాని నోట్లోకి తొంగిచూశాడు. "పన్ను పెరిగిందేమోనే. దీనికి డాక్టరెందుకు? నా సన్న ఆకురాయి తెస్తానుండు, నాలుగు గీకులు గీకితే..."

"గీకండి, ముందు మీ నాలుక గీకండి!" అని ఆవిడ అల్లుడుగారిని బట్టలసంచిలో వేసుకుని పశువుల ఆసుపత్రికి బయల్దేరింది.

అక్కడి డాక్టరు చిన్నపిల్ల. చిన్న దీపమున్న గొట్టాన్ని కుందేలు నోట్లోకి పోనిచ్చి చూసి తలాడించింది. "ముందు పళ్ళు బాగానే ఉన్నాయి. దవడ పళ్ళే ముళ్ళలా పెరిగి నాలుకకు గుచ్చుకుంటున్నాయి. ఏం పెడుతున్నారమ్మా?"

కత్తెరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గర్వంగా చెప్పింది. "ఏదీ నమలనివ్వను డాక్టరమ్మా. అంతా మెత్తగా, గుజ్జులా..."

"అయ్యో, అదే కదమ్మా తప్పు! కుందేలు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ఎండుగడ్డి బాగా నమిలితేనే అరుగుతాయి."

కొరికితే అరిగేవి ఈవిడ పళ్ళు, నమలకపోతే పెరిగేవి వాడి పళ్ళు! దేవుడు ఇద్దరి పళ్ళూ తారుమారు చేశాడేమో అనిపించింది ఆవిడకు.

మత్తిచ్చి అరగదియ్యాలంది డాక్టరు. ఖర్చు చెప్పింది. విన్న కత్తెరమ్మ చెయ్యి నోటిమీంచి జారి గుండెమీద పడింది.

"ఇంకో మాటమ్మా. ఇప్పుడు అరగదీసినా గడ్డి తినకపోతే మళ్ళీ పెరుగుతాయి. మాటిమాటికీ మత్తివ్వడం దీని ప్రాణానికి మంచిది కాదు. ఎలా తినిపిస్తారో మీ ఇష్టం."

గుండీల డబ్బా బోర్లించారు. అడుగున రెండు హుక్కులూ ఒక విరిగిన గుండీ మిగిలాయి.

"పళ్ళు లేనిదానివి పళ్ళు కట్టించుకోవే అంటే, ఉన్నవాడి పళ్ళు అరగదీయించావు" అన్నాడు ఆయన. అన్నాడే గాని, ఆసుపత్రినుంచి సంచి మోసుకొచ్చింది ఆయనే. దారిలో కుదుపు తగలకుండా బాతులా నడిచాడు.

డాక్టరిచ్చిన మందు, గొట్టంతో పోసే జావ అయిపోయాయి. అల్లుడుగారు కులాసాగా గంతులేస్తున్నారు. గడ్డి మాత్రం ముట్టరు. గుర్రాలశాలనుంచి తెచ్చిన మంచి ఎండుగడ్డి పరిస్తే పరుపనుకుని దానిమీద పడుకున్నారు. క్యారెట్టు రసం చల్లితే రసం నాకి గడ్డి వదిలేశారు. ఆకలికి ఆగలేక ఎదురుగా కూర్చుని, ముద్ద కోసం కాలు నేలకేసి కొడుతున్నారు.

కత్తెరమ్మకు కుట్టుమీద దృష్టి నిలవలేదు. ఒక చొక్కాకు రెండు ఎడమచేతులు కుట్టింది. మెత్తగా పెడితే మళ్ళీ ముళ్ళు, పెట్టకపోతే పస్తు. ఏం చెయ్యాలో తోచక చూస్తుంటే ఒక సంగతి తట్టింది. ఆయన ఏం తింటున్నా అల్లుడుగారు ఒళ్ళోకి ఎగబాకి నోటిదగ్గరిది లాక్కుంటారు. పక్కనే గిన్నెలో అదే ఉన్నా సరే, మామగారి నోటిదే కావాలి.

"ఏమండీ, ఇలా వచ్చి నేలమీద కూర్చోండి. నోరు తెరవండి."

"ఎందుకే?"

"గడ్డి నమలండి."

"నీకేమన్నా పిచ్చా?"

"పళ్ళుంటే నేనే నమిలేదాన్ని. నా పళ్ళ డబ్బు వాడి పళ్ళకు పోయింది. మీకు ముప్ఫైరెండూ ఉన్నాయి కదా, ఒక్కరోజు ఇంటికి పనికిరానివ్వండి!"

ఆయన ఆకురాయి పక్కన పెట్టి వచ్చాడు. కూర్చుని నాలుగు పరకలు నోట్లో పెట్టుకుని, చివర్లు బయటికి వేలాడేలా నమలడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే జాకెట్టు తీసుకెళ్దామని బడి పంతులమ్మ గుమ్మంలోకి వచ్చింది. నేలమీద గడ్డి నములుతున్న ముసలాయన్ని చూసి నిలబడిపోయింది. "ఏమైంది పిన్నిగారూ ఈయనకి?"

"ఏం లేదమ్మా, అల్లుడుగారు తిండి తినడం లేదు."

"అల్లుడు తినకపోతే మామగారికి గడ్డి పెడతారా?"

నోరు తెరిస్తే గడ్డి పడిపోతుందని ఆయన గుడ్లురిమి చూశాడు. అంతలో అల్లుడుగారు ముక్కు ఆడిస్తూ ఒళ్ళోకి ఎగబాకి, ముందుకాళ్ళు ఆయన గుండెమీద ఆనించి, వేలాడుతున్న పరకను పుటుక్కున కొరికారు. అచ్చం కత్తెరమ్మ దారం కొరికినట్టే. ఆ పరకను పక్కదవడకు తోసి కరకరా నమిలి, రెండోదానికి మూతి చాచారు.

రెండు చేతులనిండా గడ్డి పట్టుకున్న కత్తెరమ్మకు చెయ్యి అడ్డం పెట్టుకునే వీల్లేకపోయింది. గోడవైపు తిరగడమూ మరిచిపోయింది. బోసినోరంతా తెరిచి, కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఈవిడకు నవ్వడం వచ్చునని పంతులమ్మకు అప్పుడే తెలిసింది.

ఆయన నోట్లో మిగిలింది ఉమ్మేసి, "కాస్త ఉప్పుంటే బావుండేది" అన్నాడు.

ఇప్పుడు అల్లుడుగారు రోజంతా గడ్డి మేస్తారు. కానీ పొద్దున మొదటి పరక మామగారు నమిలి చూపించాల్సిందే. అది అయితేగాని ఇంట్లో ఎవరికీ కాఫీ లేదు.