కొనకుండా వదిలేసిన పిస్తోలు

మొన్న ఒంగోలులో ఒక రిటైర్డ్ మేజర్ గారింటికి పిస్తోలు చూడటానికి వెళ్లాను. సైన్యంలో వాడే రకం, పాతది. కొనాలనే వెళ్లాను. లైసెన్సు కూడా ఉంది. ఆయన ఖాళీదేనని తెరిచి చూపించి నా చేతికిచ్చారు. శుభ్రంగా తుడిచి పెట్టిన ఇనుము. నూనె వాసన తప్ప ఇంకేం లేదు.

నాన్న తుపాకీ మిరపకాయల ఘాటు కొట్టేది. ప్రత్తిపాడు దగ్గర మా పొలంలో అడవిపందుల బెడదకని తెచ్చుకున్న తుపాకీ అది. ఒక సాయంత్రం కల్లంలో ఆరబోసిన కాయలు తిరగేస్తుంటే, పంది ఒకటి పక్కనున్న మొక్కజొన్నలోకి దూరింది. నాన్న తుపాకీ అందుకుని, గురి చూడబోతూ, చెమట కారుతోందని అదే చేత్తో కన్ను తుడుచుకున్నాడు. ఇంకేముంది, తుపాకీ కింద పెట్టేసి గంతులు మొదలెట్టాడు. పంది తాపీగా తినేసి పోయింది. "పందికేం కాలేదు గానీ నీ కన్నే పోయేట్టుందయ్యా!" అంటూ అమ్మ కంట్లో నీళ్లు కొడుతూ పడీపడీ నవ్వింది.

నాన్న పోయాక ఆ తుపాకీని పోలీస్ స్టేషన్లో అప్పగించేశాం. అమ్మా పోయింది. పొలం కౌలుకిచ్చేశాను.

"ఇంతకీ దేనికండీ మీకిది?" అని అడిగారు మేజర్ గారు.

పందుల కోసమనబోయాను. పిస్తోలుతో పందిని కొడతానంటే ఎవరైనా నవ్వుతారు. నాకు కావలసింది ఆ నవ్వు కాదు.

పిస్తోలు బల్ల మీద పెట్టేసి, తెలియకుండానే చేతివేళ్లు వాసన చూసుకున్నాను.