పసుపు దీపాలు పెట్టిన అన్న

కల్వకుర్తి బస్టాండు పక్కన ఫోన్లు, రేడియోలు బాగుచేసే అన్న ఒకాయన ఉండేవాడు. చాలా ఏళ్లు మగ్గం నేసి, తర్వాత ఈ రిపేరు పనిలోకి వచ్చినవాడు. పని మధ్యలో మాటిమాటికీ కళ్లు గట్టిగా మూసుకుని, కాసేపాగి తెరిచేవాడు.

నేను రోజంతా దరఖాస్తులు టైపు చేసేదాన్ని. నా కీబోర్డులో అక్షరాల కింది ఎల్ఈడీ దీపాలు సగం ఆరిపోతే ఆయన దగ్గరికి తీసుకెళ్లి, నీలం రంగువి వేయమన్నాను. ఆయన ఒక్కో రంగు దీపాన్నీ బ్యాటరీ సెల్లుకు ఆనించి వెలిగించి చూపాడు.

"నీలం వద్దు చెల్లె, కండ్లు గుంజుతయి. పసుపుయి పెడ్త."

పాతవి ఊడదీసి మొదటి వరస అతికాడు. నాలుగు వెలగలేదు; వాటి ప్లస్, మైనస్ కొసలు తారుమారుగా పెట్టాడు. మళ్లీ ఊడదీసి అతికినా అంతే.

"ప్లస్ గుర్తు ఏ దిక్కున్నదో జర జూసి చెప్పు. నాకు అంత మసక మసక కొడ్తాంది."

మిగతావన్నీ నేను వేలు పెట్టి చూపిస్తుంటే అతికాడు. సాయంత్రమైంది.

"దవాఖానల చూపెట్టుకున్నవా అన్నా?"

"చూపెట్టుకున్న. ఇగ సన్నపని బంద్ చెయ్యుమన్నరు. గిదే ఆఖరుది."

కీబోర్డు వెలిగించి నావైపు తిప్పాడు. "అన్ని వెలుగుతున్నయా?"

మూలనున్న ఒక అక్షరం చీకటిగానే ఉంది.

"అన్ని వెలుగుతున్నయన్నా," అన్నాను.