మొరగని కుక్కను వెతికిన మా పెద్దనాయిన

మా పెద్దనాయిన పోశాలుకు గొర్రెల సంగతి తెలిసినంతగా మనుషుల సంగతి తెలియదు. జఫర్‌గఢ్ పక్కన మా ఊళ్ళో కురుమవాళ్ళందరిలోనూ మందల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. పొట్టేలును కడుపు కింద చెయ్యి పెట్టి ఒక్కసారి ఎత్తాడంటే దాని బరువే కాదు, బుద్ధి కూడా చెప్పేవాడు. అదే ఎవరైనా మనిషి ఎదురుపడి నాలుగు తీపి మాటలు చెబితే మాత్రం ఇట్టే నమ్మేవాడు. ఈ మాట నాది కాదు, మా పెద్దమ్మ కొమురవ్వది. ఆమె ఈ కథ చెబుతున్నంతసేపూ ఆయన పక్కనే బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. ఎక్కడా కాదనలేదు కాబట్టి నిజమే అయి ఉంటుంది.

అవి దొరల మీద సంగం తిరగబడ్డ రోజులు. మా దొర గడి వదిలి పట్నం పారిపోయాడు. ఖాళీ గడిలో నైజాం పోలీసులు క్యాంపు పెట్టారు. చీకటి పడ్డాక సంగం దళం పిల్లలు తిండికీ కబురుకూ ఊళ్ళోకి వచ్చి పోయేవాళ్ళు. వాళ్ళ దారి మా పెద్దనాయిన గొర్ల దొడ్డి పక్కనుంచే. ఎక్కడ కుక్క మొరిగినా క్యాంపులో కదలిక మొదలయ్యేది. అట్లా మొరగడం వల్లే ఒకసారి ఇద్దరు పిల్లలు పట్టుబడ్డారు. దాంతో సంగం కూర్చుని, ఊళ్ళో ఒక్క కుక్క కూడా ఉండరాదని నిర్ణయించింది. సంగం పెద్ద వీరయ్య ఇంటింటికీ తిరిగి ఆ మాట చెప్పాడు. ఆయనకూ అది ఇష్టమై చెప్పిన మాట కాదంటారు. కానీ చెప్పింది ఆయనే, కాబట్టి మా పెద్దమ్మ ఆయన్నే తిట్టుకుంది.

మా ఇంటి కుక్క పేరు మైసి. పెద్దనాయిన దాని మెడకు తాడు కట్టి తానే తీసుకుపోయి, చంపడానికి సంగం వాళ్ళకు అప్పజెప్పి వచ్చాడు. అది కూడా, మందకు పోతున్నామనుకుని తోక ఊపుకుంటూ వెంట నడిచిందట. ఆనాటి నుంచి పెద్దమ్మ ఆయనకు అంబలి పోసేది గానీ నోరు తెరిచి మాట్లాడేది కాదు.

ఊళ్ళో కుక్కలు లేవన్న సంగతి అందరికంటే ముందు తోడేళ్ళకు తెలిసింది. తెల్లవారుజామున దొడ్డి కంచె దూకి, చేతికందిన గొర్రెపిల్లను ఎత్తుకుపోవడం మొదలుపెట్టాయి. పెద్దనాయిన గొంగడి కప్పుకుని కాపలా ఉండేవాడు. ఆయన ఈ మూలన ఉంటే అవి ఆ మూలన దూకేవి. ఇట్లాగే సాగితే వానలు పడేనాటికి మంద మిగలదు. మంద లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

పోయి వీరయ్యను పట్టుకున్నాడు.

"మంద ఊడ్చుకపోతున్నయ్ వీరన్నా. ఒక్క కుక్కను ఉంచుకోనియ్యి."

"మొరగని కుక్క దొరికితే ఉంచుకో పో," అన్నాడు వీరయ్య. "ఒక్కనాడు మొరిగిందా, మల్ల నన్ను అడుగకు."

లోకంలో మొరగని కుక్క ఉండదని వీరయ్య ధీమా. మా పెద్దనాయినకు మాత్రం అది సెలవిచ్చినట్టే వినపడింది. మర్నాడే జనగామ అంగడికి బయలుదేరాడు.

అంగట్లో ఒకడు గంపలో కుక్కపిల్లలు పెట్టుకుని కూర్చున్నాడు. తాను ఒకప్పుడు దొరల వేటకుక్కలు చూసుకున్నానని, ఇవి అసలు సిసలు గడి జాతి అని, పులినైనా నిలబెట్టేస్తాయని ఊదరగొట్టాడు. తల్లి ఏదని అడిగితే గడిలో ఉందన్నాడు. ఏ గడి అని అడిగితే చెయ్యి అట్లా గాలిలో తిప్పాడు. మా పెద్దనాయిన ఇంక అడగలేదు. పొట్టేళ్ళను చూసినట్టే ఒక్కొక్క పిల్లనూ కడుపు కింద చెయ్యి పెట్టి ఎత్తి, పళ్ళు చూసి, అన్నిటికంటే బరువైనదాన్ని సంకన పెట్టుకుని వచ్చాడు. అదీ కళ్ళు సరిగ్గా తెరిచి ఎన్నాళ్ళో కాలేదు. పాపం, ఇంకా తల్లి పాలు వెతుక్కుంటోంది.

అది మొరిగినట్టు మా ఊళ్ళో ఏ కుక్కా మొరగలేదు. కుండను చూసి మొరిగింది. రోకలిని చూసి మొరిగింది. కోడి తనను చూడకపోయినా మొరిగింది. గొర్రెలు కనిపిస్తే మాత్రం కిక్కురుమనకుండా వచ్చి పెద్దమ్మ చీర కుచ్చిళ్ళలో దూరేది. నెలలపాటు మొగుడితో మాట్లాడని మనిషి అప్పుడు మాట్లాడింది.

"గడి జాతే. దొర లెక్కనే ఉన్నది. ఒర్రుడెక్కువ, ఉరుకుడెక్కువ."

వీరయ్య గుమ్మం ముందుకొచ్చి నిలబడి దాన్ని కాసేపు చూశాడు. అది ఆయన్ను చూసి గుక్క తిప్పుకోకుండా మొరిగింది. "రేపటికల్లా ఇది ఊర్ల ఉండొద్దు," అని వెళ్ళిపోయాడు. ఇంకోసారి తాడు కట్టి ఎవరికో అప్పజెప్పడం మా పెద్దనాయిన వల్ల కాలేదు. ఆ పిల్లను గొంగడిలో చుట్టుకుని తెల్లవారకముందే మానుకోట దారి పట్టాడు.

ఎండాకాలం మందల్ని తోలుకుని అటు పోయినప్పుడు అడవంచున ఒక లంబాడీ తండాలో సన్నపు నడుము, పొడుగు కాళ్ళ కుక్కల్ని ఆయన చూశాడు. ఊరికే మొరిగేవి కావు. మనిషి వస్తే లేచి చూసి మళ్ళీ పడుకునేవి. వాటిని సాకేది తారి అనే పెద్ద వయసు ఆవిడ. వాళ్ళ అమ్మ సాకిన కుక్కల సంతతినే ఆమె కూడా చెడకుండా కాపాడుకుంటూ వచ్చింది. పొద్దు వాలే వేళకు ఆమె గుడిసె ముందు నిలబడ్డాడు.

"అక్కా, జాతి కుక్కపిల్ల గావాలె. మొరగనిది."

తారి ఆయన్ను కింది నుంచి మీదికి చూసి, ముందు గొంగడిలోని పిల్లను చేతిలోకి తీసుకుంది. అది ఆమెను చూసి మొరిగింది. ఆమె నవ్వి, దాని మూతికి ఇన్ని మేకపాలు అంటించింది. తరువాత లోపలికి పిలిచి, తల్లి కుక్కను చూపించింది. దాని పేరు కాళి. గోధుమ రంగు ఒంటిమీద సన్నటి నల్ల చారలు. పిల్లలు దాని మీద ఎక్కి దొర్లుతున్నాయి.

"తల్లి గిది. తండ్రి పూల్‌సింగ్ తండాల ఉంటది, పోయి చూసుకో. నా ఇంటి నెత్తురునే నా ఇంటి నెత్తురుకు కలుపను. కిందటేడు దీనికి పిల్లలు లెవ్వు, ఒళ్ళు కోలుకోనిచ్చిన." అని ఆగి, ఇంకా చెప్పింది. "గీ కాళికి ఎడమ చెవు సరిగ ఇనబడదు. పిల్లల్ల ఒకదానికి ఉరుమంటే బుగులు. ముందుగాలనే చెప్తున్న, మల్ల నన్ననొద్దు."

పెద్దనాయినకు ఆశ్చర్యమేసింది. అంగట్లో వాడు గంపెడు గొప్పలు చెప్పాడు, ఒక్క తప్పు చెప్పలేదు. ఈమె గొప్పలు ఒక్కటీ చెప్పకుండా తప్పులతో మొదలుపెట్టింది. అక్కడే ఆయనకు ఆమె మీద నమ్మకం కుదిరింది. నమ్మకం కుదిరినా పాత అలవాటు పోదు కదా! వంగి, లావుపాటి పిల్లను కడుపు కింద చెయ్యి పెట్టి ఎత్తి పళ్ళు చూడబోయాడు.

"తమ్మీ, నువ్వు సాదుకోనికి వచ్చినవా, కోసుకోనికి వచ్చినవా?" అంది తారి. "లావుగున్నది గాదు మంచిది. అది తోటివాటిని తన్ని పాలు తాగింది, గందుకే లావైంది. నువ్వు గాడ కూసో. ఏం చెయ్యకు."

ఆయన కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఆయనకు గొర్రెల దగ్గర తప్ప చేతకాదు, అయినా కూర్చున్నాడు. పిల్లలు వచ్చి గొంగడి అంచు కొరికాయి. ఇంతలో తారి ఒక ఇత్తడి చెంబును ధడేలున కింద పడేసింది. ఒకటి కుయ్యిమంది, రెండు తల్లి కిందికి దూరాయి, లావుది మొరిగింది. అన్నిటికంటే బక్కది ఒకటి మాత్రం తల తిప్పి చెంబును చూసింది, నడిచి పోయి వాసన చూసింది, తిరిగి వచ్చి పెద్దనాయిన కాలి మీద గడ్డం ఆనించి పడుకుంది.

"గిది నీది," అంది తారి. "కానీ ఇయ్యాల ఇయ్యను. తల్లి తనంతల తనే పాలు విడిపియ్యాలె. గప్పుడు నేనే తీస్కొని నీ ఇంటికొస్త. ఇల్లు చూడాలె. నచ్చకపోతే వాపస్ తెచ్చుకుంట."

ఆ తండాలో పద్ధతి అదేనట. కుక్కపిల్లను అడిగినవాళ్ళ ఇంటికి పోయి నీళ్ళు తాగి చూడందే ఎవరికీ ఇవ్వరు. పెద్దనాయిన తెచ్చిన మొరుగుపోతును కూడా ఆమె తిప్పి పంపలేదు. రజాకార్లు పగటిపూటే తండా మీద పడుతున్న రోజులవి. దూరం నుంచే అరిచి చెప్పే గొంతు ఒకటి తమకు కావాలంది. ఊళ్ళో బతకలేని పిల్లకు అక్కడ కొలువు దొరికింది. దానికి నా మటుకు నాకు ఇప్పటికీ సంతోషమే.

తారి వస్తున్నదని కబురందిన రోజు మా ఇంట్లో పెళ్ళిచూపుల హడావుడి. పెద్దమ్మ వాకిలి అలికింది, కోడిని కోసింది, పెద్దనాయినను మీసం కూడా కత్తిరించుకోమంది. తారి పిల్లను చంకనెత్తుకుని, కాళిని వెంటబెట్టుకుని వచ్చింది. అలికిన వాకిలిని చూడనే లేదు. నేరుగా దొడ్డికి పోయింది. కాళి దొడ్డంతా కలియదిరిగి వాసన చూసింది. కుక్క ఎక్కడ పడుకుంటుంది, నీళ్ళ తొట్టి ఎక్కడ, తిండి ఎవరు పెడతారు, కోపమొస్తే ఎవరు కొడతారు అని తారి ఒక్కొక్కటే అడిగింది. చివరికి పెద్దనాయిన భయపడుతున్న మాట అడగనే అడిగింది.

"ఇంతకుముందు కుక్క ఏమైంది?"

దొడ్డి తలుపు చాటు నుంచి పెద్దమ్మ ముందుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన తాడు కట్టడం, అది తోక ఊపుకుంటూ పోవడం, అన్నీ చెప్పింది. మొగుడిని కాపాడాలని ఒక్క మాట కూడా తగ్గించలేదు. అంత పెద్ద మనిషీ గొర్రెల మధ్య నిలబడి, గొంగడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం పెద్దమ్మకు అదే మొదలు. ఆమె కోపం ఎక్కడ పోయిందో ఆమెకే తెలియలేదట.

"మైసి కోసం ఏడ్చినోనివి, దీన్ని పారేయవు," అని తారి పిల్లను ఆయన చేతుల్లో పెట్టింది. "ఒక్కటే మాట. రేపు ఊరు వద్దంటే ఎవ్వలకు అప్పజెప్పకు. నా దగ్గరికి తీస్కరా. దాని ముసలితనంలనైనా సరే." పెద్దనాయిన కొమురెల్లి మల్లన్న మీద ఒట్టు వేశాడు. ఆమె చెంబెడు నీళ్ళు తాగింది, కోడికూర తింది, పెద్దమ్మ కానుకగా ఇచ్చిన కొత్త గొంగడి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

పిల్లకు చాందీ అని పేరు పెట్టుకున్నారు. వానాకాలం పోయి చలి ముదిరేసరికి అది దొడ్డి కంచె ఒక్క గంతులో దూకేంత పెరిగింది. ఒక తెల్లవారుజామున తోడేలు గొర్రెపిల్లను కరుచుకుని పొలానికి అడ్డంపడి పరుగెత్తింది. చాందీ చప్పుడు లేకుండా వెంటపడి, చెలక గట్టు దగ్గర దాని మీద పడింది. తోడేలు పిల్లను వదిలేసి అడవి పట్టింది. గొర్రెపిల్ల మెడంతా తడి తప్ప గాయం లేదు. పెద్దనాయిన దాన్ని ఒక సంకన, చాందీని ఒక సంకన ఎత్తుకుని ఇంటికి వచ్చాడు. మళ్ళీ తోడేలు మా దొడ్డి వైపు రాలేదు.

అయినా వీరయ్య మాట మిగిలే ఉంది. తోడేలు సరే, మనిషిని చూస్తే మొరగదని నమ్మకమేమిటని ఆయన పట్టు. ఒకరోజు పొద్దుగూకే వేళ, ఎవరికీ చెప్పకుండా, ముసుగేసుకుని, కర్ర పట్టుకుని, దొంగలా దొడ్డి వెనక నుంచి వచ్చాడు. చాందీ లేచి నిలబడింది, మొరగలేదు. ఆయన ఇంకొంచెం దగ్గరికి వచ్చాడు, మొరగలేదు. ఆయనకు ధైర్యం ఎక్కువై, కంచె మీద కాలు వేసి ఒక గొర్రె చెవి పట్టుకున్నాడు. చాందీ అప్పుడు వచ్చి, నిదానంగా, ఒంటికి పన్ను తగలకుండా, ఆయన ధోవతి పట్టుకుంది. ఇక వదల్లేదు.

"ఓ పోశాలూ! పోశాలూ! ఓ కొమురవ్వా! దీన్ని పట్టుకోండ్రి!"

ఆ కేకలకు వాడకట్టంతా పరుగెత్తుకొచ్చింది. సంగం పెద్ద కంచె మీద ఒక కాలు, ఇవతల ఒక కాలు పెట్టుకుని, రెండు చేతులతో ధోవతి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్దనాయిన పిలవగానే చాందీ వదిలేసి ఆయన పక్కన కూర్చుంది. పట్టుకున్నది ఊరి పెద్దను కదా, ఇక ఉండనిస్తాడా? అవసరమైతే ఆ రాత్రికే తండాకు తీసుకుపోదామని పెద్దనాయిన మనసులో దారి కూడా చూసుకున్నాడు.

వీరయ్య ధోవతి సర్దుకుని, చుట్టూ చేరిన జనాన్ని చూసి, చాందీని చూసి పకపకా నవ్వాడు.

"ఉండనియ్యి పోశాలూ. గీ కుక్క ఊర్ల ఉండాలె."

పెద్దనాయిన చాందీ మెడ కావలించుకున్నాడు. పెద్దమ్మ లోపలికి పోయి జొన్న గటక కుండ తెచ్చింది. ముందు చాందీకి పెట్టింది. తరువాత వీరయ్యకు పెట్టింది.

"ఏందవ్వా, కుక్క తర్వాతనా నేను?" అన్నాడు వీరయ్య.

"మరి మొరిగింది నువ్వే గద వీరన్నా," అంది మా పెద్దమ్మ.