టీపాయి మీద పెట్టిన చాకు

మొన్న మా ఇంటికి ఒక పార్శిల్ వచ్చింది. తెప్పించుకున్నది కుక్కరు రబ్బరు. దాన్ని పంపిన మహానుభావుడెవరో బూట్ల జత పట్టేంత అట్టపెట్టెలో పెట్టి, పైన ఎక్కడా సందు లేకుండా టేపు చుట్టి మరీ పంపాడు. గోళ్ళతో గీకాను, రాలేదు. పళ్ళతో లాగబోయి, ఈ వయసులో ఉన్న నాలుగూ ఎందుకు పోగొట్టుకోవాలని ఆగాను. కత్తెర ఎక్కడుందో ఆ కత్తెరకే తెలియాలి. ఇక తప్పక బీరువా కింది అరలో చీరల అడుగున చెయ్యి పెట్టి మా మావగారి మడత చాకు బయటికి తీశాను. ఒక్క గీత గీస్తే పెట్టె నోరు తెరిచింది. ఇన్నేళ్ళయినా పదును పోలేదు. దాన్ని మూసి చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. కుక్కరు సంగతే మర్చిపోయాను.

చాకంటే పెద్దదేదో అనుకునేరు. మూస్తే చూపుడువేలంత ఉంటుంది. ఎముక పిడి, పట్టుకుని పట్టుకుని పసుపుపచ్చగా తేలింది. లోపల రెండు బ్లేడ్లు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మా మావగారు నందిగామ కోర్టులో ఒక ప్లీడరు దగ్గర గుమస్తాగా ముప్ఫై ఏళ్ళు పైనే చేశారు. పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవారు. ఆ రోజుల్లో టైపు కొట్టిన కాగితంలో ఒక అక్షరం తప్పు పడితే, చిన్న బ్లేడు మొనతో దాన్ని గీకి, గోటితో నున్నగా రుద్ది, పైన సరైన అక్షరం కొట్టించేవారట. "గీకినట్టు కనపడకుండా గీకటమేనమ్మా గుమస్తాతనం," అనేవారు. నేను కాపురానికి వచ్చాక ఎక్కువగా చూసింది మాత్రం ఆయన రిటైరయ్యాక ఆ చాకు చేసిన ఇంటి చాకిరీ. పాల ప్యాకెట్టు మూల కొయ్యడం, అదీ ఆ చిన్న ముక్క ఊడి పాలల్లో పడకుండా. బత్తాయి తొక్క ఎక్కడా తెగకుండా ఒకే తాడులా తియ్యడం. మాత్రల అట్టలోంచి రెండు పూటలకు సరిపడా ముక్క కత్తిరించడం. టీవీ వైరు తోలు ఒలవడం, కళ్ళజోడు మర బిగించడం, మా ఆయన కాల్లో ముల్లు తియ్యడం. వేసవిలో కలెక్టరు మామిడికాయని పలచగా చెక్కి ఉప్పూకారం అద్ది ఇంటిల్లిపాదికీ పంచడం. పంచడం బాగానే ఉండేది గాని, అంతకు అరగంట ముందు అదే చాకుతో కాలిగోళ్ళు తీసుకోవడం నేను కళ్ళారా చూసేదాన్ని. "కడిగారా మావయ్య గారూ?" అంటే, "తుడిచాగా!" అని పంచె అంచు చూపించేవారు. నేను కలెక్టరు కాయ మానేసి చాలా ఏళ్ళయింది, ఎందుకో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ చాకు ఉండే చోటు ఆయన ముతక బనీను జేబు. ఎవరడిగినా ఇచ్చేవారు గాని చేతికిచ్చేవారు కాదు. చాకు చేతికి చేతికి అందిస్తే పోట్లాటలు వస్తాయని మా వైపు ఒక పట్టింపు. ఆయన మూసి టీపాయి మీద పెట్టాలి, మనం అక్కణ్ణుంచి తీసుకోవాలి. పని అయ్యాక మళ్ళీ టీపాయి మీద పెట్టాలి, ఆయన తీసుకోవాలి. మా అత్తగారు పోయిన తరవాత కూడా ఆయన ఈ పద్ధతి తప్పలేదు. "కోర్టులో ఇంతమంది అన్నదమ్ములు కొట్టుకుంటన్నారంటే, ఏదో ఒకరోజు చాకు చేతికిచ్చే ఉంటారు," అని నవ్వేవారు. నాకు ఇలాంటివాటి మీద పెద్ద నమ్మకం లేదు. పెద్దాయన మాట కదా అని పాటించాను. అదే నాకు అంత బాగా పనికొస్తుందని అప్పుడు తెలియదు.

ఆయనకు ఆస్తి అంటూ ఉన్నది జ్ఞాపకశక్తి. చందర్లపాడు నుంచి, ముక్త్యాల నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో జనం పాత దస్తావేజులు సంచుల్లో వేసుకుని మా వరండాలోకి వచ్చేవారు. ఏ పొలానికి తూర్పు హద్దు ఎవరిది, ఏ పంపకంలో నుయ్యి ఎవరి వాటాకు వచ్చింది, ఏ దావా రాజీ అయింది, అన్నీ కాగితం చూడకుండా చెప్పేవారు. నకలు తెప్పించి చూసుకుంటే అక్షరం పొల్లు పోయేది కాదు. పైసా తీసుకోరు. వచ్చినవాళ్ళు "మీరు చెప్పారంటే రికార్డేనండి," అంటే చాలు, ఆ పూట మజ్జిగ అన్నం రెండు ముద్దలు ఎక్కువ దిగేది.

ఎనిమిదేళ్ళ కిందట ఒక రోజు బత్తాయి కోస్తూ బొటనవేలు కోసుకున్నారు. చెయ్యి కాస్త వణకడం అప్పటికే మొదలైంది. పైగా షుగరున్న ఒళ్ళు. నెల రోజులు కట్లు కట్టించాం. మానీ మానకముందే మళ్ళీ చాకు తీశారు. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి ఆ కట్టు, ఆ చాకు చూసి వంటింట్లోకి వచ్చాడు. "ముందు అది తీసి ఎక్కడన్నా దాచెయ్. ఈసారి వేలే పోద్ది," అన్నాడు. "మీ నాన్నగారేగా, మీరే చెప్పండి," అన్నాను. "నేను చెప్తే వింటాడా? నువ్వయితే ఏదో ఒకటి చేస్తావ్," అని లుంగీ మార్చుకుని పడుకున్నాడు. ఆయనకేం, మాట అనేసి నిద్రపోయాడు.

మర్నాడు మునక్కాయల కట్టకు కట్టిన తాడు తెగక, చాకు అడిగాను. మావగారు మూసి టీపాయి మీద పెట్టారు. తీసుకెళ్ళి తాడు కోశాను. కోశాక తిరిగి టీపాయి మీద పెట్టకుండా, మినప్పప్పు డబ్బాలో అడుగుకంటా దూర్చి మూత పెట్టాను. మధ్యాహ్నం ఆయన జేబు తడుముకున్నారు.

"అమ్మాయ్, చాకు ఏదమ్మా?"

"అక్కడే పెట్టానుగా మావయ్య గారూ, టీపాయి మీద."

నేను ముందుగా అనుకున్న అబద్ధం అంతవరకే. అక్కడితో ఆగి ఉంటే ఇంట్లో ఎవరో తీశారనో, పనిమనిషి సర్దిందనో, ఏదో ఒకటి అయ్యేది. ఆయన అనుమానంగా నా వంక చూసేసరికి కంగారుపడి, "మీరు తీసుకుని జేబులో వేసుకున్నారుగా, నేను చూశాను," అన్నాను. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారడం కూడా కాదు, దూకడం. చేతికి చేతికి ఇచ్చే వస్తువైతే ఆయన చేతికి తెలిసేది, అందుకోలేదని గట్టిగా చెప్పేవారు. టీపాయి మీద పెట్టినదాన్ని ఎవరు తీశారో చెప్పడానికి నా మాట తప్ప సాక్ష్యం లేదు. "తీసుకున్నానా?" అన్నారు. "అంతే అయ్యుంటది," అన్నారు.

ఉన్నమాట చెప్పి ఉంటే ఏమయ్యేది? "మీ చెయ్యి వణుకుతోంది, మాకు భయంగా ఉంది, ఇటివ్వండి," అంటే ఒక కేక వేసేవారు, రెండు రోజులు అలిగి మజ్జిగ మానేసేవారు, మూడో రోజు ఆయనే తెచ్చి టీపాయి మీద పెట్టేవారు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నాను. ఆ రెండు రోజుల అలక భరించడానికి నాకు ఓపిక లేకపోయింది, అంతే. ఇంతకంటే మంచి కారణం వెతికాను, దొరకలేదు.

ఆయన వెతకడం మొదలుపెట్టారు. పరుపు ఎత్తారు, బనీన్లన్నీ తిరగేశారు, చేతిసంచి దులిపారు. మంగలి కొట్లో, మందుల కొట్లో, టీ కొట్లో, బస్టాండు బెంచీల కింద, అన్నిచోట్లా అడిగొచ్చారు. వారానికి వెతకడం మానేసి, చీటీలు రాయడం మొదలుపెట్టారు. "గ్యాసు కట్టేశాను." "తాళం మేకుకు ఉంది." "పొద్దుటి మాత్ర అయింది." అవన్నీ పిన్నుతో క్యాలెండరుకు గుచ్చేవారు. నేను వంటింట్లో పప్పు డబ్బా తీసినప్పుడల్లా చాకు డబ్బాకు తగిలి టంగుమనేది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ దోసెలకు పప్పు పోసుకునేదాన్ని. మా ఆయన్ని అడిగితే, "ఇప్పుడు చెప్తే ఇంకా గొడవ, మర్చిపోతాడులే," అన్నాడు. మర్చిపోతాడట! అదేగా అసలు సమస్య.

అప్పుడే చందర్లపాడు నుంచి ఒక రైతు తన తాతలనాటి పంపకం గురించి అడగడానికి వచ్చాడు. నేను కాఫీ ఇచ్చి తలుపు పక్కన నిలబడ్డాను. మావగారు కాగితాలు చేతిలోకి తీసుకున్నారు. సంగతి ఆయనకు తెలుసు, ఆ ఇంటి వ్యవహారం నాకే పదిసార్లు చెప్పారు. అయినా, "నా గుర్తుని నమ్ముకోమాకండి. బుర్ర పాడైపోయింది. ఆఫీసులో నకలు తీయించుకోండి," అని కాగితాలు తిరిగి ఇచ్చేశారు. ఆ తరవాత ఎవరొచ్చినా అదే మాట. కొన్నాళ్ళకు రావడమే మానేశారు. ఆ వరండాలో ఖాళీ కుర్చీలు తుడుస్తుంటే నా మీద నాకు అసహ్యం వేసేది.

డాక్టరు దగ్గరికి వెళదామని ఆయనే అన్నారు. అదీ నందిగామలోనేనట, ఆయనకు మిగతా ఊళ్ళు ఊళ్ళే కావు. మా ఆయనకు షిఫ్టు కుదరక నేనే బస్సులో తీసుకెళ్ళాను. డాక్టరు చిన్నవాడు, ఓపిక గలవాడు. ఇవాళ ఏ వారమని, పొద్దున ఏం తిన్నారని అడిగాడు. వందలోంచి ఏడేడు చొప్పున తగ్గించుకుంటూ పొమ్మన్నాడు. మావగారు తొంభై మూడుతో మొదలుపెట్టి ఎక్కడా తడుముకోకుండా రెండు దాకా వచ్చి, "ఇంకా తియ్యమంటారా?" అని అడిగారు. డాక్టరు నవ్వి, "మీకేం లేదండి, నాకంటే బాగున్నారు," అన్నాడు.

"మరి నా చాకు ఏమైనట్టు బాబూ?" అన్నారు మావగారు. "నేనే తీసుకుని జేబులో ఏసుకున్నానంట. మా కోడలు చూసింది. నాకు గుర్తే లేదు."

డాక్టరు నా వైపు తిరిగాడు. "ఇంట్లో ఇంకేమన్నా మర్చిపోతున్నారా అమ్మా?"

లేదండి అంటే చాలు. పొరపాటు నాదేనండి, అంటే ఇంకా మంచిది. మావగారు నా మొహంలోకే చూస్తున్నారు. నేను కొంగు సర్దుకుని, "అప్పుడప్పుడూ అండి," అన్నాను. ఎందుకన్నానో చెప్పమంటే ఈ రోజుకీ చెప్పలేను. ముందు చెప్పిన అబద్ధం నిలబెట్టుకోవాలనే పాడుబుద్ధి. ఆయన తల ఊపి, "మా కోడలు చెప్పిందంటే నిజమే అయ్యుంటదండి," అన్నారు. డాక్టరు మాత్రలు రాశాడు. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ మాత్ర నేనే ఇచ్చేదాన్ని. ఆయన "థాంక్సమ్మా" అని వేసుకునేవారు.

ఇక భరించలేక ఒక పన్నాగం పన్నాను. చాకు డబ్బాలోంచి తీసి, తుడిచి, ఆయన చేతిసంచి అడుగున వేశాను. దొరికితే సంతోషిస్తారు, పీడ వదులుతుంది అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! మర్నాడు సంచిలోంచి చాకు తీసి ఆయన వరండాలో అలాగే కూర్చున్నారు. నేను లేని సంబరం తెచ్చుకుని, "దొరికిందా మావయ్య గారూ!" అన్నాను. ఆయన తల ఎత్తలేదు. "ఈ సంచి నేను నాలుగుసార్లు దులిపానమ్మా. దులిపాననుకున్నాను. అది కూడా నిజం కాదన్నమాట," అన్నారు. చాకు మూసి టీపాయి మీద పెట్టి, "లోపల పెట్టుకో, నాకింక వద్దు," అన్నారు. నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చాను.

రెండేళ్ళు గడిచాయి. ఒక చలికాలం ఆయనకు జ్వరం తగిలి మంచం దిగలేదు. మధ్యాహ్నం వేళ పక్కన కూర్చుని బత్తాయి తొనలు తీసి పెడుతుంటే, ఆ పక్క మీద ఆయన ఎంత చిన్నగా అయిపోయారో చూసి తట్టుకోలేకపోయాను.

"మావయ్య గారూ, ఆ చాకు మీరు పోగొట్టలేదు. నేనే దాచాను. పప్పు డబ్బాలో పెట్టాను. సంచిలో వేసింది కూడా నేనే. మీరేదీ మర్చిపోలేదు. డాక్టరు దగ్గర కూడా అబద్ధమే చెప్పాను."

ఒక్క గుక్కలో చెప్పేసి తల దించుకున్నాను. తిడతారని కాచుకున్నాను. నిజానికి తిట్టాలని కోరుకున్నాను. ఆయన మాత్రం నవ్వారు. దగ్గొచ్చేదాకా నవ్వి, నా తల మీద చెయ్యి వేశారు.

"పిచ్చిదానా, నీకు అబద్ధం చెప్పటం చేతకాదమ్మా. నా మనసు తేలిక చెయ్యాలని నేరం నెత్తినేసుకుంటన్నావు. కోర్టులో ఇట్టాంటోళ్ళని ఎంతమందిని చూళ్ళేదు?"

"నిజంగానండీ," అన్నాను. ఒక్కసారే అన్నాను. ఇంకా గట్టిగా చెప్పి ఉండవచ్చు, మా ఆయన్ని పిలిచి సాక్ష్యం చెప్పించి ఉండవచ్చు. చెప్పించలేదు. నా తల మీద ఉన్న ఆ చెయ్యి తీసేస్తారేమోనని భయపడ్డాను. జ్వరం తగ్గాక నిదానంగా నమ్మించవచ్చులే అనుకున్నాను. ఆయన "మాత్ర ఇచ్చావా అమ్మా?" అని అడిగితే, లేచి వెళ్ళి ఆ మతిమరుపు మాత్రే తెచ్చి ఇచ్చాను. ఆ వారంలోనే పోయారు. అబద్ధం చెప్పడానికి నాకు క్షణం కూడా పట్టలేదు, నిజం చెప్పడానికి రెండేళ్ళు పట్టింది, నమ్మించడానికి ఇంకొక్క రోజు చాలనుకున్నాను. ఆ రోజు మాత్రం ఇంతవరకూ రాలేదు.