గురునాథరావు జేబులో సుద్దముక్క

ఏ వస్తువులోనైనా లోపం కనబడితే దాని చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టకుండా ఉండలేకపోవడం గురునాథరావుకున్న ఒకే ఒక్క జబ్బు. మిగతా విషయాల్లో ఆయన బంగారం లాంటి మనిషి. బామ్మర్ది సాయిశంకర్‌ని అడిగితే మాత్రం ఆ ఒక్కటీ చాలంటాడు.

తప్పు ఆయనది కూడా కాదు. ఉక్కు కర్మాగారం తనిఖీ విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. కడ్డీ మీద బీట కనబడితే సున్నా చుట్టి పక్కన పెట్టించడమే ఉద్యోగం. ఉద్యోగం వదిలేశాడు గానీ సుద్దముక్క జేబు వదల్లేదు. ఇంట్లో అంచు విరిగిన పళ్లేనికి సున్నా, కిర్రుమనే తలుపుకి సున్నా. ఓసారి సింహాచలం కొండెక్కుతూ అరిగిపోయిన మెట్టుకి సున్నా చుడితే, వెనకొచ్చిన భక్తులు దానికి పసుపూ కుంకుమా పెట్టి, హారతి కర్పూరం వెలిగించి మరీ దణ్ణం పెట్టుకున్నారు.

సాయిశంకర్ పెళ్లిచూపుల్లో అయితే ఆ సుద్దముక్క బయటికి రాలేదు గానీ దాని పని అది చేసింది.

"మావోడు ఇంటర్ రెండుసార్లు తప్పాడండి," అన్నాడు గురునాథరావు పిల్ల తండ్రితో, కాఫీ ఇంకా చల్లారకముందే. "కోపం ముక్కుమీదుంటాది. ఎడం సెవి సరిగా ఇనబడదు."

సాయిశంకర్‌కి ఆ మాట కుడి చెవిలో శుభ్రంగా వినబడింది. ఇంక ఈ జన్మకి పెళ్లి లేదనుకున్నాడు. మర్నాడే సంబంధం ఖాయమని కబురొచ్చింది. ఇంతకంటే చెడ్డ సంగతి కొత్తగా బయటపడదు కదా అని వాళ్లకి ధైర్యమట. ఆ పిల్ల నీలిమ కాపరానికొచ్చిన రోజునుంచీ అతనికి కుడివైపే కూచుని మాట్లాడుతుంది.

రెండువేల అయిదులో బావా బామ్మర్దీ కలిసి వ్యాపారం మొదలెట్టారు. పూర్ణా మార్కెట్ పాత ఇత్తడి కొట్లలో ఓడల నుంచి ఊడదీసిన సామాను ఏరుకొచ్చేది గురునాథరావు. కూర్మన్నపాలెంలో తన నెట్ సెంటర్లో కూచుని వాటిని ఇంటర్నెట్‌లో అమ్మేది సాయిశంకర్. మొదటి సరుకు ఒక దిక్సూచి. "రెండు వందల ఏళ్లనాటి బ్రిటిష్ కెప్టెన్ దిక్సూచి" అని సాయిశంకర్ టైపు చేశాడు.

"రెండొందలేళ్లేటి, అది నీకంటే సిన్నది," అన్నాడు గురునాథరావు. "కొట్టీసి రాయి. మొరాదాబాద్‌లో సేసిన కొత్త సరుకు. అద్దం గీసుకుపోయింది. సూది ఉత్తరం సూపించదు, గాజువాక సూపిత్తాది."

"బావా, ఇది అమ్మకమా, పోస్టుమార్టమా? అందరూ ఏటి రాత్తన్నారో ఓపాలి సూడు."

"ఆళ్లు సూసింది ఆళ్లు రాత్తన్నారు. నాను సూసింది నాను రాత్తాను."

లోపాల చుట్టూ ఆయన చుట్టిన సున్నాలతో సహా ఫొటో ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. సాయిశంకర్ తల పట్టుకున్నాడు. మూడో రోజున బెంగళూరు నుంచి జయంత్ అనే ఆయన కొనుక్కున్నాడు. అప్పటినుంచీ ఆయన వీళ్ల దగ్గర తప్ప కొనడు. ఓసారి సున్నాల్లేని ఫొటో వెళ్తే, సుద్ద అయిపోయిందా అని ఫోన్ చేసి అడిగాడు. లోపం చెబితే సరుకు అమ్ముడుపోతుందని సాయిశంకర్ ఒప్పుకోక తప్పింది కాదు.

అలాంటి రోజుల్లో ఉక్కునగరం నుంచి శ్రీరామ్మూర్తి ఒక ఓడ గంట నెట్ సెంటర్‌కి తెచ్చాడు. గురునాథరావుతో కలిసి పనిచేసినవాడే. కొత్త క్వార్టర్‌కి మారుతున్నాడు, పాత సామాను వదిలించుకోవాలి. వెంట తల్లి నూకాలు కూడా వచ్చింది. గంటని టేబుల్ మీద పెట్టి, దాని పక్కనే కుర్చీలో కూచుంది. జయంత్‌కి ముందే చెప్పి ఉంచారు, ఆయన ఊ అనడమే మిగిలింది.

గురునాథరావు గంట మీద చెక్కిన 1888 అంకెల్ని బొటనవేలితో రుద్దాడు. వేలికి ఇత్తడి పొడి అంటింది.

"రామ్మూర్తీ, ఇది ఎప్పుడు సెక్కించినావు?"

"పోయిన మంగళారం," అన్నాడు శ్రీరామ్మూర్తి నేల చూపులు చూస్తూ. "అందరూ సేత్తన్నదే కదేటి."

అంకెలకి సున్నా పడింది. గంట అంచు మీది బీటకి సున్నా పడింది. కొట్టి చూస్తే ఖంగుమనలేదు, ఠప్పుమంది. నాలుకకి సున్నా పడింది. అలా ఎనిమిది లోపాలయ్యాయి. సాయిశంకర్ హుషారుగా టైపు చేస్తున్నాడు, ఎనిమిది లోపాలంటే జయంత్ ఎగిరి గంతేస్తాడని.

"అమ్మా, ఈ గంటతో నీకేటి పని?" అని గురునాథరావు ఉన్నట్టుండి అడిగాడు.

"నాకేటి పని బాబూ," అంది నూకాలు. "మా ఆయన పోర్టులో కలాసీ. అన్నానికొచ్చినప్పుడు ఒక్కపాలి కొట్టీవోడు. ఇప్పుడు ఈడి గుంటల్ని అన్నానికి నాను పిలుత్తన్నాను దీంతోనే. పోన్లే, నోరుంది గదా, కేకేత్తాను."

అంటోంది గానీ, గంట అడుగున టేబుల్ మీద ఆనించిన చెయ్యి తియ్యడం లేదు. ఫొటోకి అడ్డం వస్తోందని సాయిశంకర్ రెండుసార్లు చెప్పాడు. తీసినట్టే తీసి మళ్లీ అక్కడే పెట్టింది.

"అమ్మా, కదపకు," అన్నాడు గురునాథరావు. వంగి, టేబుల్ మీద ఆ చేతి చుట్టూ నిదానంగా సున్నా చుట్టాడు. "ఇప్పుడు తియ్యి ఫొటో. తొమ్మిదోది రాసుకో. దీన్ని అమ్మడం సొంతదారుకి ఇష్టం లేదు."

"బావా, అది గంటలో లోపమేటి?"

"పెద్ద లోపమే. కొన్నోడికి తెలియాలి గదా."

శ్రీరామ్మూర్తి తల్లి చేతి వంకే చూస్తూ ఉండిపోయాడు. ఫొటో వెళ్లిన గంటసేపటికి జయంత్ ఫోన్ చేశాడు.

"ఎనిమిదింటితో అయితే తీసుకునేవాణ్ణండీ. తొమ్మిదోది బాగు చెయ్యడం నావల్ల కాదు. గంట పెద్దావిడకే ఉండనివ్వండి."

శ్రీరామ్మూర్తి గంటని తువ్వాల్లో చుట్టి తల్లి ఒళ్లో పెట్టాడు. వాళ్ల స్కూటర్ కనుమరుగయ్యేదాకా ఒళ్లో గంట ఠప్పుమంటూనే ఉంది.

బావ సుద్ద గీతల్ని తడిగుడ్డతో తుడవడం సాయిశంకర్‌కి అలవాటు. ఆ ఒక్క సున్నా మాత్రం తుడవబుద్ధి కాలేదు. కుడి చెవి తడుముకుని, గుడ్డ పక్కన పడేశాడు. నెట్ సెంటర్‌కొచ్చినవాళ్లు అదేంటని అడిగితే, "లోపం ఉండీది, తీరిపోయింది," అని చెప్పేవాడు.

మర్నాడు గురునాథరావు వచ్చి టేబుల్ మీదికి వంగి చూశాడు.

"బొటనేలు దగ్గర వంకరొచ్చింది," అన్నాడు.

జేబులోంచి సుద్దముక్క తీసి, ఆ వంకర చుట్టూ ఇంకో చిన్న సున్నా చుట్టి వెళ్లాడు.