వెనక చాప

మా సంఘంలో వెనక చాప అని ఒకటి ఉండేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. హోసూరు దగ్గరి సూళగిరి నుంచి లోపలికి పోతే వచ్చే పల్లె మాది. రేకుల కప్పు వేసిన చిన్న ప్రార్థన మందిరం. తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట, ఒక చిరుగుల చాప విడిగా పరిచేవాళ్లు. పాపం చేసినవాళ్లు దాని మీద కూర్చోవాలి. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల జరిగితే రొట్టె, ద్రాక్షరసం వాళ్ల దాకా వచ్చేవి కావు. లేచి నిలబడి, ఫలానా పాపం చేశానని అందరి ముందర ఒప్పుకుంటే, పాస్టరు అయ్యగారు చెయ్యి పట్టుకుని ముందు చాపకు తీసుకుపోయేవారు. తాగి వచ్చినవాడు రెండు నెలలు, పక్కింటామెను తిట్టిపోసిన ఆమె ఒక నెల, అట్లా కూర్చుని లేచి ముందుకు పోయేవాళ్లు. మా అమ్మ తొమ్మిదేళ్లు కూర్చుంది.

ఆమె ఆ పాపం చేయలేదు. చేసింది నేను.

తొంభైల నడుమ సంగతి. నాన్న పోయాక అమ్మ ప్రభువును నమ్ముకుని, ఇరవై మేకలతో నన్ను సాకింది. నాకు పదిహేడేళ్లప్పుడు మేకలకు ఒంటినిండా బొబ్బలు లేచాయి. మా పక్క దాన్ని అమ్మవారు పోసిందంటారు. అమ్మ మోకాళ్ల మీద ప్రార్థన చేస్తూనే ఉంది, మేకలు చస్తూనే ఉన్నాయి. నాకు అమ్మ మీదా దేవుడి మీదా కోపం వచ్చింది. ఇట్లాంటప్పుడు చనిపోయిన మా అవ్వ ఏం చేసేదో నాకు గుర్తే. అమ్మ ఇంట్లో లేనప్పుడు దొడ్డి వాకిలికి వేపమండలు, పసుపుకొమ్ము ముడివేసిన దారం కట్టేశాను. మేకలు బతికితే చాలనుకున్నాను, అంతే.

మరుసటి రోజు అయ్యగారు మేకల కోసం ప్రార్థన చేయడానికి వచ్చి ఆ దారం చూశారు. మా సంఘంలో అది అమ్మవారికి మొక్కినట్టే, విగ్రహారాధన కిందే లెక్క.

"ఎవరు కట్టారమ్మా ఇది?"

వచ్చే ఆదివారం నాకు బాప్తిస్మం. తెల్ల చీర కొని పెట్టెలో పెట్టి ఉంది. అమ్మ నా ముఖం ఒక్కసారి చూసింది.

"నేనే కట్టినాను అయ్యగారూ."

నేను నోరు తెరవలేదు. మేకల్లో ఆరు మిగిలాయి. ఆదివారం నేను నీళ్లలో మునిగి లేచాను, అమ్మ వెనక చాప మీదికి పోయింది.

అమ్మ లేచి ఒక్క మాట అనేస్తే నెలలో తీరిపోయేది. అనలేదు. అయ్యగారు ఎన్నిసార్లు పిలిచారో! అమ్మ తల వంచుకునేది. అట్లాగని ఆమెకు ఆశ లేక కాదు. రొట్టె పళ్లెం ముందు చాపల మీద తిరుగుతుంటే అమ్మ చూపు దాని వెనకే తిరిగేది. ఇంటికి వచ్చాక నేను దెబ్బలాడేదాన్ని.

"అయ్యగారితో చెప్పిన అబద్ధమే కదా, సంఘంలో కూడా చెప్పేస్తే ఏం పోతాది నీకు?"

"దొడ్లో మనిషితో చెప్పినాను. బల్ల ముందర దేవునితో ఎట్లా చెప్పేది? చెయ్యని పాపానికి క్షమాపణ అడిగితే ఆయప్ప నవ్వడా?"

"అట్లయితే నిజం చెప్పెయ్ పో!"

"అది నేను చెప్పేది కాదు," అని చీపురు అందుకునేది.

చూశారా మొండితనం! నిజం చెప్పదు, అబద్ధమూ చెప్పదు. నేను మింగలేక కక్కలేక చచ్చేదాన్ని. అయినా నెలనెలా రొట్టె తిన్నాను. సిగ్గు లేకుండా నూరుసార్లు తిన్నాను. అయ్యగారి మీద కోపం, సంఘం మీద కోపం, అందరికన్నా అమ్మ మీద కోపం. నా మీద నాకున్న కోపాన్నే ఇంతమందికి పంచిపెట్టాను.

తరువాత హోసూరులో కంపెనీ పని దొరికింది. అక్కడే గది తీసుకుని, నెలకొకసారి బస్సెక్కి వచ్చేదాన్ని. రెండువేల సంవత్సరం దాటాక ఒక మొదటి ఆదివారం వచ్చేసరికి అమ్మకు మోకాళ్లు పట్టేసి ఉన్నాయి. గోడ పట్టుకుని చాప మీదికి దిగింది. అయ్యగారు ఆ రోజు పాపం గురించి చెప్పారు. పాపం మనకూ దేవునికీ నడుమ గోడ కడుతుందని, ఒప్పుకోనివాళ్లకు ఆ గోడ కూలదని. చెబుతూ చెబుతూ తలుపు వైపు చెయ్యి చూపించారు. అందరూ తిరిగి అమ్మను చూశారు. అమ్మ ఎవరి చెప్పులో పక్కకు జరిపి కాళ్లు చాపుకుంటోంది.

అంతే, నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. లేచి అరిచాను.

"ఆ దారం కట్టింది నేను! మాయమ్మ కాదు. తొమ్మిదేండ్లు ఆమెను చెప్పుల్లో కూర్చోబెట్టినారే, ఆ పాపం నాది. ఇన్నేండ్లు మీతో కూర్చోని రొట్టె తిన్నాను. ఎవురూ నన్ను అడగలేదు. దేవుడు కూడా అడగలేదు!"

అయ్యగారు బైబిలు మూశారు.

"మరి నాతో అబద్ధం ఎందుకు చెప్పావమ్మా?" అని అమ్మను అడిగారు.

అమ్మ గోడ పట్టుకుని లేచింది. మాట తడబడకుండా చెప్పింది. "ఔ అయ్యగారూ, అబద్ధం చెప్పినాను. అది నేను చేసిన పాపమే. ప్రభువు నన్ను క్షమించాల, మీరూ క్షమించాల."

ఒప్పుకోవడానికి ఆమెకూ ఒక పాపం ఉందని అప్పుడు తెలిసింది నాకు. అది ఒప్పుకుంటే నా తప్పు బయటపడుతుందని, క్షమాపణ కూడా అడగకుండా తొమ్మిదేళ్లు కడుపులో దాచుకుంది.

అయ్యగారు చెయ్యి పట్టుకుని ఆమెను ముందుకు తీసుకుపోయారు. నేను వెనక చాప దగ్గరికి నడిచాను. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. అమ్మ రొట్టె తిన్నది, గిన్నె ఎత్తి తాగింది. ముందు చాపలో ఆడవాళ్లు చోటిస్తే కూర్చోకుండా, కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"జరుగు మే. అది నా జాగా."

జరిగాను. కోపం ఇంకా దిగలేదు. ఏడుస్తూ పళ్లు కొరికాను. "జుట్టు పట్టి ఈడ్చుకోనొచ్చి ఆడ నిలబెట్టుంటే ఆ పొద్దే తీరిపోయుండునే! ఎందుకు ఈడ్చలేదు నన్ను?"

అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"మేకయితే మెడకు తాడేసి ఈడ్చుకోనొస్తా. నువ్వు మేకవా?"