నేను ఆపమన్న మాత్రలు

మా ఆయన పోయాక ఆయన ఆఫీసులోనే నాకు ఉద్యోగం ఇచ్చారు. దేశ రాజధానిలో మేముండే సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టర్ ఖాళీ చేయాల్సిన పని లేకపోయింది. నేనూ, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయీ అక్కడే ఉండిపోయాం. మొదటి ఏడాది నాకు నిద్ర లేదు. ఫైలు ముందు పెట్టుకుని ఒకే పేరా మళ్లీ మళ్లీ చదివేదాన్ని. డాక్టరుకి చూపించుకోమని పక్క సీటు ఆవిడ చెప్పింది. వెళ్లలేదు. మోకాళ్ల మీద ప్రార్థన చేసుకునేదాన్ని. ఏడాది తిరిగేసరికి కాస్త నిద్ర పట్టడం మొదలైంది. ప్రార్థనతోనే గట్టెక్కానని మా తెలుగు సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాను. ఆ తర్వాత అదే సాక్ష్యం చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అది కొంచెం పెద్దదయ్యేది.

మా సంఘానికి సొంత చర్చి లేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక స్కూలు హాల్లో కూడుకుంటాం. గవర్నమెంటు ఉద్యోగుల కుటుంబాలు, కొందరు నర్సులు, లక్ష్మీ నగర్‌లో కోచింగ్‌కి వచ్చిన పిల్లలు. ఆ పిల్లల్లో ఒకమ్మాయిది ఒంగోలు దగ్గర ఊరు. వాళ్ల నాన్న అక్కడి సంఘంలో పెద్ద. సివిల్స్ రెండుసార్లు రాసి మూడోసారికి చదువుతోంది. ఆరాధన అయ్యాక అందరూ టీ దగ్గరికి వెళ్తే, తను మాత్రం ఆగి నాతో కలిసి కుర్చీలు సర్దేది. అలా దగ్గరైంది. శనివారాలు మా ఇంటికి వచ్చి పప్పూ అన్నం తిని, మా అమ్మాయికి లెక్కలు చెప్పి వెళ్లేది.

ఒక శనివారం వంటగదిలో, నేను చపాతీలు కాలుస్తుంటే, గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది.

"ఆంటీ, నేను మాత్రలు వాడుతున్నాను. డిప్రెషన్‌కి. ఆరు నెలలైంది."

"ఎవరిచ్చారమ్మా?"

"గవర్నమెంటు హాస్పిటల్లో డాక్టరు. ఇప్పుడు కాస్త నయంగానే ఉంది. కానీ ప్రార్థన చేసుకునేటప్పుడు సిగ్గుగా ఉంటోంది. నమ్మకం లేకే మాత్రలు మింగుతున్నానేమో అనిపిస్తోంది."

వద్దని చెప్పించుకోవడానికి రాలేదు ఆ పిల్ల. తప్పు లేదని నా నోటితో వినడానికి వచ్చింది. అది నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు స్టవ్ ఆపి, ఆమె తల మీద చెయ్యి పెట్టి, నా కథంతా చెప్పాను. మందు చుక్క లేకుండా నేనెలా లేచి నిలబడ్డానో చెప్పాను. "మనిషిచ్చిన మాత్ర మీద ఎన్నాళ్లు ఆనుకుంటావమ్మా? ప్రభువు మీద ఆనుకో. ఇద్దరం కలిసి ఉపవాసం ఉందాం," అన్నాను.

హాల్లో కూర్చున్న మా అమ్మాయి అంతా వింది. ఆ పిల్ల వెళ్లాక, "మమ్మీ, ఆప్ డాక్టర్ థోడీ హో," అంది, నువ్వేమైనా డాక్టరువా అని. పెద్దవాళ్ల విషయాల్లో తల దూర్చవద్దని కసిరాను.

మూడు వారాల తర్వాత ఆమె ఆరాధనలో లేచి నిలబడింది. మాత్రలు మానేశానని, దేవుడు నెమ్మది ఇచ్చాడని సాక్ష్యం చెప్పింది. హాలంతా స్తోత్రం అన్నారు, చప్పట్లు కొట్టారు. ఆమె కూర్చుంటూ నావైపు చూసింది. అందరూ నావైపు చూశారు. నాకు చాలా సంతోషమేసింది.

తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. చదువు ఒత్తిడి అనుకున్నాను. ఫోన్‌లో మాత్రం "ప్రార్థన చేయండి ఆంటీ" అని రోజూ మెసేజ్ వచ్చేది. ఆ తర్వాత రోజుకి మూడు నాలుగు వచ్చేవి. నేను ఆఫీసు పని మధ్యలో బైబిల్లో ఒక వాక్యం వెతికి పంపేదాన్ని. ఒక్కసారి కూడా ఫోన్ చేసి, తిన్నావా అని అడగలేదు.

ఒక మంగళవారం ఉదయం ఆమె రూమ్మేట్ ఆఫీసుకి ఫోన్ చేసింది. "ఆంటీ, మీరొకసారి రండి. నాలుగు రోజుల నుంచి మంచం దిగట్లేదు. నాకు భయంగా ఉంది."

పర్మిషన్ పెట్టి మెట్రోలో లక్ష్మీ నగర్ వెళ్లాను. మూడో అంతస్తులో, ప్లైవుడ్ అడ్డం పెట్టి రెండు చేసిన గది. కిటికీ అవతలి సగంలోకి పోయింది. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జుట్టు అట్టలు కట్టింది. పక్కన కూర్చుని పిలిస్తే చాలాసేపటికి పలికింది.

"ప్రార్థన చేస్తూనే ఉన్నాను ఆంటీ. ఏమీ వినబడట్లేదు. మీకు పనిచేసింది కదా. అంటే లోపం నాలోనే ఉన్నట్టు."

"అలా అనకమ్మా."

"నాకు బతకాలని లేదు ఆంటీ. ఇది పాపమని తెలుసు. అయినా లేదు."

అంత మెల్లగా, అంత మామూలుగా ఆ మాట అనగలరని నాకు తెలియదు. రూమ్మేటూ నేనూ కలిసి ఆమెని లేపి, మొహం కడిగి, ఆటోలో హాస్పిటల్‌కి తీసుకెళ్లాం.

డాక్టరు పాత చీటీలు చూసి అడిగాడు. "దవాయీ కిస్‌కే కహనే పే బంద్ కీ?" ఎవరు చెప్తే మందు ఆపావని.

ఆమె తల వంచుకుని, "ఖుద్ హీ," అంది. తనంతట తానే మానేశానని.

నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ గదిలో నేను చేసింది వంటగదిలో చేసినదానికంటే పెద్ద తప్పు. వంటగదిలో నాకు తెలియదు. ఇక్కడ తెలుసు.

ఆమెని వార్డులో చేర్చుకున్నారు. మూడో రోజుకి వాళ్ల నాన్న వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో గుడ్డ సంచి. హిందీ రాదు, అందుకని వార్డు బయట బెంచీ మీద నన్నే అంటిపెట్టుకుని కూర్చున్నారు. "వందనాలమ్మా. తల్లిలాగా చూసుకున్నారు మా పాపని," అన్నారు.

ఇంక ఆగలేకపోయాను. మాత్రలు మానమన్నది నేనేనని చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన సంచి ఒళ్లోకి తీసుకున్నారు.

"మానేసిన రోజు నాకు ఫోన్ చేసి చెప్పిందమ్మా," అన్నారు. "నేను కూడా స్తోత్రమే అన్నాను. మా సంఘంలో అందరికీ చెప్పుకున్నాను."

రెండు వారాల తర్వాత ఆమెని ఊరికి తీసుకెళ్లారు. స్టేషన్‌కి వెళ్లాను. ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. మందుల మత్తు కళ్లలో ఉంది. చెయ్యి ఊపితే ఊపింది.

మరుసటి ఆదివారం పాస్టరు గారిని అడిగి ముందుకు వెళ్లాను. నా సాక్ష్యంలో అబద్ధం ఉందన్నాను. నిద్ర వచ్చింది కానీ, దుఃఖం పోలేదని, ఎవరికీ తెలియకుండా బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చేదాన్నని చెప్పాను. ఆ పిల్ల మందులు ఆపించింది నేనేనని చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. ముందు వరసలో ఒకాయన, ఇలాంటివి విశ్వాసుల్ని బలహీనపరుస్తాయని పాస్టరు గారితో గట్టిగానే అన్నాడు. పాస్టరు గారు పాట ఎత్తుకున్నారు.

టీ దగ్గర నా పక్కన ఎవరూ నిలబడలేదు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఒక నర్సు వచ్చింది. ఏళ్ల తరబడి నా సాక్ష్యం విన్న మనిషి.

"అక్కా, నేను ఎనిమిదేళ్లుగా అవే మాత్రలు వేసుకుంటున్నాను," అంది. "మీరు సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ ఇంటికెళ్లాక రెండు రోజులు మంచం మీద ఉండేదాన్ని." కోపంగా అనలేదు. చెప్పి, బస్సు వస్తోందని వెళ్లిపోయింది.

నేను ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. మా అమ్మాయే వెంట వస్తుంది. ప్రార్థన మానలేదు, కానీ మాటలు తగ్గాయి. చాలా రోజులు ఊరికే కూర్చుంటాను.

ఊరెళ్లిన నాలుగు నెలలకు ఆ పిల్ల నుంచి మెసేజ్ వచ్చింది. "ఆంటీ, మాత్రలు వేసుకుంటున్నాను. చర్చికి వెళ్లట్లేదు. నాన్న వెళ్లమని అడగట్లేదు. మీ మీద కోపం లేదు. కానీ నేను చేసేదాకా మీరు ఫోన్ చేయకండి."

అలాగేనమ్మా అని పంపాను. ఏడాది దాటింది. ఆమె చేయలేదు. నేనూ చేయలేదు.